మెయిల్ కాపలా – నాలుగో పాఠం: పాస్‌వర్డ్ మార్చాక చూడాల్సిన దొడ్డివాకిళ్లు

పోయిన పాఠంలో గట్టి పాస్‌వర్డ్, టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవడం చూశాం. ఈసారి మెయిల్ అప్పటికే వేరేవాళ్ల చేతికి చిక్కితే ఏం చెయ్యాలో చూద్దాం.

కడపలో రిటైర్డ్ టీచర్ల గ్రూపు మెయిల్ ఒకటి ఉందనుకోండి. డీఏ జీవోలు, పెన్షన్ కాగితాలు అన్నీ అందులోనే తిరుగుతాయి. ఒకరోజు పొద్దున్నే ఒక పెద్ద సారు పేరుతో అందరికీ మెయిల్ వచ్చింది: "ఆస్పత్రిలో ఉన్నాను, ఫోన్ పనిచెయ్యడం లేదు, ఇరవై వేలు పంపితే ఎల్లుండి తిరిగిస్తాను." సారేమో అదే టయానికి ఏడురోడ్ల దగ్గర నిక్షేపంగా టీ తాగుతున్నాడు. శిష్యుడొకాయన అనుమానమొచ్చి "సార్, ఇది మీరేనా?" అని జవాబు కొట్టాడు. వెంటనే "నేనే నాయనా, తొందరగా పంపు" అని వచ్చింది. వస్తుంది మరి, అడిగింది దొంగనే కదా! ఇలాంటప్పుడు మెయిల్లో అడగకూడదు, ఫోన్ చెయ్యాలి. ఫోన్ ఎత్తకపోతే ఇంట్లోవాళ్లకు చెయ్యాలి.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఖాతా నిజంగా పోయిందా, లేక ఎవడో ఆ అడ్రసును పైన అంటించి పంపాడా? కంప్యూటర్లో జీమెయిల్‌లో ఆ మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' చూడండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరసలుంటాయి. మెయిల్ పైనున్న అడ్రసు నిజమైనదా, అంటించిందా అని చూసే పరీక్షలివి. వీటిలో డీకిమ్ అంటే పంపిన సర్వరు వేసే డిజిటల్ సంతకం. డీమార్క్ 'ఫెయిల్' అయితే అడ్రసును పైన అంటించి పంపిన మెయిలని గట్టిగా అనుమానించవచ్చు. అదే అయితే సారు పాస్‌వర్డ్ మార్చినా ఆ మెయిళ్లు ఆగవు. 'పాస్' అని ఉంటే మాత్రం సంబరపడొద్దు. మెయిల్ ఆ అడ్రసు తాలూకు సర్వరు నుంచే వచ్చిందని దాని అర్థం, రాసింది సారేనని కాదు. చేతులు మారిన ఖాతాల నుంచి వచ్చే మెయిళ్లన్నీ మామూలుగా 'పాస్' అవుతాయి.

ఇక్కడో చిక్కుంది. ఈ పరీక్ష గ్రూపు ద్వారా వచ్చిన కాపీ మీద చేస్తే తప్పుదారి పట్టవచ్చు. గ్రూపు సర్వరు మెయిల్‌ను మళ్లీ తనే పంపుతుంది, సబ్జెక్టుకు గ్రూపు పేరు, అడుగున నాలుగు లైన్లు తగిలిస్తుంది. దాంతో అసలు డీకిమ్ సంతకం చెడిపోతుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డీమార్క్ నియమాన్ని బిగించినప్పుడు ప్రపంచమంతా మెయిలింగ్ లిస్టులు తికమకపడింది ఇందుకే. కాబట్టి ఎవరికైనా నేరుగా వచ్చిన కాపీ ఉంటే అదే తెరిచి చూడండి.

ఖాతా పోయిందని తేలితే సారు చెయ్యాల్సింది పాస్‌వర్డ్ మార్చడం ఒక్కటే కాదు. చాలామంది అక్కడితో ఊరుకుంటారు, వారం తిరక్కుండానే మళ్లీ గొడవ మొదలవుతుంది. దొంగ లోపలున్నప్పుడే దొడ్డివాకిలి తీసిపెట్టుకుని ఉంటాడు. జీమెయిల్‌ను కంప్యూటర్లో తెరవండి, ఫోన్ యాప్‌లో ఇవన్నీ కనిపించవు. సెటింగ్స్‌లో 'ఫిల్టర్స్' చూడండి. మీరు పెట్టని ఫిల్టరేదైనా ఉందా? వచ్చిన జవాబులన్నీ నేరుగా ట్రాష్‌కు పోయేలా పెట్టడం వాళ్ల పాత అలవాటు. "సార్, మీ మెయిల్ హ్యాకైంది" అని పదిమంది రాసినా సారుకు ఒక్కటీ కనపడకపోవడానికి కారణం ఇదే. తర్వాత 'ఫార్వర్డింగ్'లో తెలియని అడ్రసుందేమో చూసి తీసెయ్యండి. 'అకౌంట్స్' ట్యాబులో 'సెండ్ మెయిల్ యాజ్' దగ్గర రిప్లై-టు అడ్రసు, అంటే జవాబులు చేరే అడ్రసు కూడా చూడండి. ఒక్క అక్షరం తేడాతో అచ్చం సారుదిలాగే ఉండే అడ్రసు పెట్టి ఉండవచ్చు. అప్పుడు ఖాతా మన చేతికొచ్చినా జవాబులు వాడికే పోతుంటాయి. అక్కడే ఇంకెవరికైనా ఖాతా చూసే అనుమతి ఇచ్చి ఉంటే అదీ పీకెయ్యండి.

ఇన్‌బాక్సు అడుగున కుడివైపు 'డీటెయిల్స్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నొక్కితే ఖాతా ఎప్పుడు, ఎక్కడ తెరిచారో కనిపిస్తుంది. లైఫ్ సర్టిఫికెట్ ప్రింటు కోసం నెట్ సెంటర్లో మెయిల్ తెరిచి, లాగౌట్ చెయ్యకుండా లేచి రావడం మనవాళ్లకు మామూలే. మిగతా చోట్ల బ్రౌజర్లలో తెరిచి ఉన్నవన్నీ ఒకేసారి సైనౌట్ చేసే బటన్ అక్కడే ఉంటుంది.

అసలు లోపలికే పోలేకపోతే గూగుల్ రికవరీ పేజీలో ప్రయత్నించండి. రోజూ వాడే ఫోన్ నుంచే, ఇంట్లో కూర్చునే చెయ్యండి. దొంగ రికవరీ నంబరు మార్చినా, 7 రోజుల దాకా పాత నంబరుకు కోడ్ పంపే అవకాశం గూగుల్ ఇవ్వవచ్చు. అందుకే "ఆదివారం మనవడొస్తాడు, చూద్దాంలే" అని కూర్చోవద్దు.

ఇక గ్రూపు అడ్మిన్ సంగతి. సారును గ్రూపులోంచి తీసెయ్యడం నాకైతే నచ్చదు. ఆయన తప్పేం లేదు, పైగా ఈ వయసులో తలవంపులుగా అనిపిస్తుంది. సభ్యుల పట్టికలో ఆయన పోస్టింగ్ అనుమతిని మోడరేషన్‌కు మారిస్తే చాలు. ఆయన పేరుతో వచ్చే ప్రతి మెయిలూ అడ్మిన్ దగ్గర ఆగుతుంది. దొంగ మెయిల్‌ను గ్రూపు నుంచి తీసెయ్యండి, అందరి ఇన్‌బాక్సుల్లోకి చేరిపోయింది మాత్రం వెనక్కి రాదు. తర్వాత రెండు ముక్కల్లో హెచ్చరిక పంపండి, దొంగ మెయిల్లో లింకేదైనా ఉంటే దాన్ని అందులో మళ్లీ అతికించకండి. కొత్త సభ్యుల మొదటి మెయిళ్లు ఎప్పుడూ మోడరేషన్‌లోనే ఉంచండి.

సభ్యులు కోపంతో 'రిపోర్ట్ స్పామ్' నొక్కే ముందు ఒక్కక్షణం ఆగాలి. గ్రూపు నుంచి వచ్చిన మెయిల్‌ను స్పామ్ అంటే, రేపు అసలైన జీవో కూడా స్పామ్‌లో పడవచ్చు. ఆ పని అడ్మిన్‌కు వదిలెయ్యండి.

ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, బ్యాంకుకూ చెప్పాలి.

ఈ వారం అభ్యాసం: మీ జీమెయిల్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రిప్లై-టు ఈ మూడూ తెరిచి, ఏమున్నాయో కాగితం మీద రాసుకోండి. మీరు పెట్టినవే అయినా రాయండి. ఐదో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.