ఎల్‌ఎల్‌వీఎం బిల్డ్‌ను స్క్రిప్టుకు అప్పగించే ముందు జాగ్రత్తలు

ఎల్‌ఎల్‌వీఎం (కంపైలర్లను తయారుచేసే సాధనాల సముదాయం), దాని ఆధారంగా పనిచేసే సీ, సీ++ కంపైలర్ క్లాంగ్‌లను సోర్స్ నుంచి కంపైల్ చేసే పనిని స్క్రిప్టుకు వదిలేసే ముందు, అదే పనిని ఒకసారి మొదటి నుంచి చివరి వరకు స్వయంగా చేసి చూడండి. గిట్‌లోని మెయిన్ బ్రాంచి రోజూ మారుతూ ఉంటుంది కనుక, ఏదైనా ఒక విడుదల ట్యాగ్‌ను (ఒక నిర్దిష్ట వెర్షన్‌కు పెట్టిన పేరును) స్క్రిప్టులో స్పష్టంగా రాయండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మెమరీ. బిల్డ్ పనులను నడిపే నింజా సాధారణంగా ప్రాసెసర్ కోర్ల సంఖ్యను బట్టి పనులను ఒకేసారి నడుపుతుంది. కంపైల్ దశలో ఇది మేలే అయినా, డీబగ్ బిల్డ్‌లో (తప్పులు వెతకడానికి అదనపు సమాచారంతో చేసే బిల్డ్‌లో) ఒక్కొక్క లింకింగ్‌కే, అంటే కంపైలైన ముక్కలను కలిపే పనికే, కొన్ని గిగాబైట్లు ఖర్చవుతాయి కాబట్టి, 16 జీబీ ఉన్న యంత్రంలో నాలుగైదు లింకింగ్‌లు కలిసి వస్తే లైనక్స్ కెర్నల్ వాటిలో ఏదో ఒకదాన్ని మధ్యలోనే ఆపేయవచ్చు. అందువల్ల బిల్డ్ అమరికలను నిర్ణయించే సీమేక్‌లో ఏకకాల లింకింగ్‌ల పరిమితిని 1 లేదా 2గా పెట్టండి. డీబగ్ అవసరం లేనివారు రిలీజ్ బిల్డ్‌నే ఎంచుకోవడం మంచిది. డిస్కు కూడా ఎంతో ఆదా అవుతుంది.

లాగ్ కోసం బిల్డ్ అవుట్‌పుట్‌ను పైపు ద్వారా టీ (tee) కమాండుకు పంపేవారు బ్యాష్‌లో పైప్‌ఫెయిల్‌ను (పైపులోని ఏ కమాండు విఫలమైనా మొత్తం విఫలమైనట్టు చూపే సెట్టింగ్‌ను) తప్పక ఆన్ చేయాలి. లేకపోతే బిల్డ్ విఫలమైనా, టీ సఫలమైనందువల్ల స్క్రిప్టు అంతా బాగుందనుకుని ఇన్‌స్టాల్ దశకు వెళ్లిపోతుంది. ఈ పొరపాటు కంటికి కనిపించదు, అందుకే దీన్ని ఇంతగా చెప్పవలసి వస్తోంది.

రూట్ ఖాతాతో కంపైల్ చేయకండి. కొత్త వెర్షన్‌ను వేరే డైరెక్టరీలో ఇన్‌స్టాల్ చేసి, పరీక్షలన్నీ నెగ్గాకే, వాడుకలో ఉన్న వెర్షన్‌ను చూపే సింబాలిక్ లింకును దానివైపు మార్చండి. పాత కంపైలర్‌ను అంతవరకు తొలగించవద్దు.