మతజాతీయవాదంపై సర్వే అంకెలను చదివే పద్ధతి

మతజాతీయవాదం, అంటే ఒక మతానికి చెందినవారే నిజమైన దేశస్థులన్న భావన, గురించిన సర్వే వార్తలో కనిపించిన శాతాన్ని నమ్మే ముందు అది ఏ ప్రశ్నకు వచ్చిన జవాబో వెతికి, ఆ ప్రశ్నను పూర్తి వాక్యంగా చదవాలి. అమెరికాకు చెందిన సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ భారతదేశంలో దాదాపు 30,000 మంది వయోజనులను ముఖాముఖి అడిగి, 2021 జూన్‌లో ఒక నివేదిక వెలువరించింది. నిజమైన భారతీయుడు కావాలంటే హిందువై ఉండడం చాలా ముఖ్యమని హిందువుల్లో 64 శాతం మంది చెప్పారన్నది అందులో బాగా ప్రచారమైన అంకె. అయితే అదే నివేదికలో, అన్ని మతాలనూ గౌరవించడం కూడా అంతే ముఖ్యమన్న హిందువులు 85 శాతం. ఈ రెంటినీ కూడితే 149 వస్తుంది కనుక, కనీసం 49 శాతం మంది రెండు మాటలనూ కలిపే చెప్పారన్నమాట. వారిని ఏ గాటన కట్టాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. శీర్షికలు దాన్ని దాటేస్తాయి.

తరువాత ప్రాంతాలవారీ పట్టిక చూడాలి. ఆ 64 శాతం మధ్య భారతంలో 83కు పెరిగి, దక్షిణాదిలో 42కు తగ్గుతుంది. ఆ 42 కూడా తమిళనాడు, కేరళ, కర్ణాటకలను కలుపుకున్న సగటే కనుక దాన్ని తెలుగువారి అభిప్రాయంగా ఉటంకించకూడదు. ప్రశ్నలు అడిగిన కాలాన్నీ గమనించాలి: ఈ సర్వే 2019 నవంబరు నుంచి 2020 మార్చి వరకు, అంటే చాలావరకు పౌరసత్వ సవరణ చట్టంపై నిరసనలు సాగిన నెలల్లో జరిగింది.

పాపులిజాన్ని, అంటే జనాకర్షక వాదాన్ని, మతజాతీయవాదంతో కలిపేయకూడదు. మన పత్రికల్లో జనాకర్షకం అంటే కిలో రెండు రూపాయల బియ్యం వంటి పథకమే గుర్తుకొస్తుంది గాని, పరిశోధకులు కొలిచేది వేరు: ప్రజలు మంచివారు, పైనున్న వర్గం వారిని వంచిస్తోంది, తుది మాట ప్రజలదే కావాలి అన్న భావాల కలయిక. మతజాతీయవాదం గీసే గీత పాలకులకూ పాలితులకూ మధ్య కాదు, ఇరుగుపొరుగుల మధ్య. నాయకులందరూ దొంగలేనని తిట్టే మనిషికి పొరుగు మతం మీద ఏ కోపమూ లేకపోవచ్చు.

పాపులిజం స్కోరు కనిపిస్తే దాన్ని ఎలా లెక్కకట్టారో చూడాలి. ప్రజాప్రతినిధులు ప్రజల ఇష్టాన్ని పాటించాలన్న వాక్యాన్ని కాదనేవారు అరుదు; జవాబులన్నిటికీ సగటు తీస్తే ఆ ఒక్క వాక్యమే మిగతా లోటును కప్పేస్తుంది. అందువల్ల పైన చెప్పిన మూడు భావాలకూ విడివిడిగా ఒప్పుకున్నవారిని మాత్రమే లెక్కలోకి తీసుకుని, వారిలో ఎందరు మతప్రశ్నకూ అవునన్నారో ఆ తరువాత చూడాలి.