పొలాన్ని, వాగుని కాపాడితే డబ్బులిస్తామని ఎవరైనా వస్తే సంతకానికి ముందు ఏమేం చూస్కోవాలి

పొలం ఉన్నవాళ్ళ దగ్గరికి వచ్చే బేరాల్లో ఇదొక రకం. వాగు పక్కన కొన్ని మీటర్లు దున్నకుండా వదిలెయ్యండి, చిత్తడి నేలని ఎండబెట్టకండి, చెట్లు కొట్టకండి, ఎరువు తగ్గించండి, అందుకు ఏటా ఇంత ఇస్తాం అంటారు. ఇచ్చేది ప్రభుత్వం కావచ్చు, దిగువన పట్నానికి నీళ్ళు సప్లై చేసే సంస్థ కావచ్చు, కార్బన్ క్రెడిట్లు, అంటే చెట్లలో, నేలలో ఇంత కార్బన్‌ని గాల్లోకి పోకుండా పట్టి ఉంచామని చూపించే పత్రాలు, అమ్ముకునే కంపెనీ కావచ్చు. మనవాళ్ళు చాలామంది వెంటనే అడిగేది ఎకరానికి ఎంత అని. నేనైతే ఆ ప్రశ్న ఆఖర్న అడగమంటాను. నా హక్కుల్లో ఏది కొంటున్నారు, ఎన్నేళ్ళకి కొంటున్నారు, ఈ రెండూ తేలకుండా రేటు మాట్లాడితే వచ్చింది ఎక్కువో తక్కువో చెప్పడానికి ఆధారమే ఉండదు.

పొలం నాది అంటాం గానీ అందులో చాలా హక్కులు కలిసి ఉంటాయి. దున్నుకోవడం, ఏ పంట వెయ్యాలో మనమే నిర్ణయించుకోవడం, నీళ్ళు తోడుకోవడం, చెట్టు కొట్టుకోవడం, ఇల్లు కట్టుకోవడం, కౌలుకివ్వడం, తాకట్టు పెట్టడం, అమ్ముకోవడం, పిల్లలకి రాసివ్వడం, అక్కర్లేనివాళ్ళని గట్టు దాటి లోపలికి రానివ్వకపోవడం. వీటిల్లో చాలావాటిని విడివిడిగా వదులుకోవచ్చు. కాబట్టి ముందు ఒక కాగితం తీసుకుని ఇవన్నీ వరసగా రాయండి, అగ్రిమెంట్ చదువుతూ ఏ షరతు దేన్ని తగ్గిస్తోందో పక్కన గుర్తు పెట్టండి. పైకి "చెట్లు కాపాడాలి" అని ఒక్క లైనే కనిపిస్తుంది, కిందికి వెళ్తే వాళ్ళ మనుషులు ఎప్పుడైనా పొలంలోకి వచ్చి కొలుచుకోవచ్చు, వాళ్ళని అడక్కుండా కౌలుకివ్వకూడదు, అమ్మితే కొన్నవాడు కూడా ఇవే షరతులకి ఒప్పుకోవాలి అని ఉంటుంది. అంటే చెట్టు కొట్టే హక్కుతో పాటు ఇంకో మూడు పోతున్నాయి, ధర మాత్రం ఒక్కదానికే చెప్తున్నారు.

తర్వాత చూడాల్సింది, చట్టం ఎలాగూ చెయ్యమంటున్నది ఏది, దానికి మించి మీరు చేస్తున్నది ఏది అని. మామూలుగా చట్టం ప్రకారం చెయ్యాల్సినదానికి పరిహారం రాదు, దానికి పైన చేసినదానికే వస్తుంది. ఇంగ్లండ్‌లో 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం పొలాల చుట్టూ ఉండే పొదల కంచె నడిమధ్య నుంచి 2 మీటర్ల దాకా దున్నకూడదు, మందులు కొట్టకూడదు, మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కంచె కత్తిరించకూడదు, చిన్న పొలాల్లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఇది అందరికీ రూలే, ఆ 2 మీటర్లు వదిలినందుకు ఎవరూ డబ్బులివ్వరు, అంతకంటే వెడల్పుగా గడ్డి పట్టీ వదిలితే మాత్రం దానికి విడిగా పథకాలు పెట్టారు. కోస్టారికాలో ఇంకోలా చేశారు. 1996 అటవీ చట్టంలో అడవిని పొలంగా మార్చకూడదని నిషేధం పెట్టారు, అదే చట్టంలో అడవి ఉన్న భూయజమానులకి కార్బన్, నీళ్ళు, జీవవైవిధ్యం, ప్రకృతి అందం అని నాలుగు సేవల పేరుతో డబ్బు చెల్లించే ఏర్పాటూ చేశారు, దానికి పెద్ద ఆధారం పెట్రోలు డీజిల్ మీద వేసే పన్నులో వాటా. అంటే ఒకచోట రూల్ కాబట్టి ఊరికే చెయ్యి అన్నారు, ఇంకోచోట రూల్ పెట్టి కూడా భారం యజమాని ఒక్కడి మీదే వెయ్యలేదు. ఈ గీత ఎక్కడ పడాలో ప్రకృతి చెప్పదు, మనుషులు కూర్చుని తేల్చుకునేదే. నా మటుకు నాకు, పక్కవాడికి నష్టం చెయ్యకుండా ఉండటం యజమాని బాధ్యత, వాగులో విషం కలపనందుకు డబ్బులడగడం న్యాయం కాదు. కానీ ఊరందరికీ ఉపయోగపడే పని కోసం ఒకడు తన పంట నేల వదిలేస్తే ఆ ఖర్చు ఊరందరూ పంచుకోవాల్సిందే, దాన్ని దానం లాగా ఇవ్వకూడదు, బాకీ లాగా తీర్చాలి. మీ నేలకి ఏ రూల్స్ వర్తిస్తాయో సంబంధిత ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట వద్దు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. కార్బన్ కంపెనీలు ముఖ్యంగా "మీరు కొత్తగా ఏం చేస్తారు" అని అడుగుతాయి, ముందు నుంచీ చేస్తున్నది లెక్కలోకి రాదంటాయి. దీంతో ఏళ్ళ తరబడి చెట్లు కాపాడినవాడికి ఏమీ రాదు, కొట్టేసినవాడు మళ్ళీ నాటితే వస్తుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అలాగని ఇప్పుడు కొట్టేసి రేపు నాటుదాం అనుకోకండి, పాత శాటిలైట్ ఫొటోలతో పోల్చి పట్టుకుంటారు, ఈలోపు నేలలో పోయిన సారం మీ జీవితకాలంలో తిరిగి రాకపోవచ్చు కూడా. ముందు నుంచీ చెట్లు కాపాడుతున్నవాళ్ళు ఉన్నదాన్ని నిలబెట్టినందుకు డబ్బులిచ్చే పథకాలు వెతకాలి, కోస్టారికాది అలాంటిదే, ఉన్న అడవిని కాపాడినా చెల్లిస్తారు.

ఇక కాలం గురించి. నా దృష్టిలో రేటు కన్నా ఇదే ముఖ్యం. అమెరికాలో 1985 ఫార్మ్ బిల్లుతో, అంటే అక్కడి వ్యవసాయ చట్టంతో, మొదలైన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రాం ఉంది, కోతకి గురయ్యే నేలల్లో పంట మానేసి గడ్డో చెట్లో పెంచితే ప్రభుత్వం ఏటా అద్దె ఇస్తుంది, అగ్రిమెంట్ 10 నుంచి 15 ఏళ్ళు, గడువు అయ్యాక పొలం మళ్ళీ మీ ఇష్టం. అదే దేశంలో కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అని ఇంకోటి ఉంది, అందులో ఇళ్ళు కట్టే హక్కు, ప్లాట్లు వేసే హక్కు లాంటివి శాశ్వతంగా వదులుకుంటారు, అది భూమితోనే పోతుంది, మనవళ్ళకీ, కొన్నవాడికీ కూడా వర్తిస్తుంది. పన్ను మినహాయింపు కోసం ఆ హక్కుల్ని దానంగా ఇస్తే, మామూలుగా అది శాశ్వతంగానే ఉండాలి. ఆస్ట్రేలియాలో చెట్లలో, నేలలో కార్బన్ నిలవచేసే ప్రాజెక్టులకి 25 ఏళ్ళు లేదా 100 ఏళ్ళు అని రెండు ఆప్షన్లుంటాయి, 25 తీసుకుంటే వచ్చే క్రెడిట్లలో కోత పెడతారు. మీ వయసు, పిల్లల ఉద్దేశాలు, పొలం మీద ఆధారపడ్డ అప్పు ఇవన్నీ చూసుకుని ఎన్నేళ్ళు అనేది ఇంట్లోవాళ్ళందరూ కూర్చుని తేల్చుకోవాలి. మొదటిసారి అయితే తక్కువ కాలానిదే తీసుకోండని నా సలహా, శాశ్వతమైనది మంచిదే, కాకపోతే దాని విలువ కట్టించకుండా ఇవ్వకండి. విలువ కట్టే పద్ధతి సూటిగా ఉంటుంది, షరతు లేకపోతే ఈ భూమి మార్కెట్లో ఎంత పలుకుతుంది, షరతు ఉంటే ఎంత పలుకుతుంది, ఆ తేడానే మీరు ఇస్తున్నది.

అప్పుడొస్తుంది ధర. కింది హద్దు మీ లెక్క, పై హద్దు కొనేవాళ్ళ లెక్క. మీ లెక్కలో వదిలేసిన నేల మీద ఏటా పోయే నికర ఆదాయం, కంచె, మొక్కలు, కలుపు తీత లాంటి ఖర్చులు, కాగితాలకీ కొలతలకీ పోయే టైం, భూమి విలువలో తరుగు, పురుగో అడవి జంతువులో ఎక్కువై పక్క మళ్ళలో జరిగే నష్టం, అన్నీ రావాలి, చాలామంది మొదటి రెండూ వేసి ఆపేస్తారు. కొనేవాళ్ళ లెక్క ఏంటంటే, మీరు ఈ పని చెయ్యకపోతే వాళ్ళకి ఎంత ఖర్చవుతుంది అని. దీనికి బాగా తెలిసిన ఉదాహరణ న్యూయార్క్ సిటీ. ఆ సిటీకి వచ్చే నీళ్ళలో ఎక్కువ భాగం క్యాట్‌స్కిల్ కొండలు, డెలావేర్ నది ఎగువ ప్రాంతం నుంచి వస్తాయి, ఆ నీళ్ళకి ఫిల్టర్ ప్లాంటు కట్టాలంటే వందల కోట్ల డాలర్లు అవుతుందని తేలింది, దాంతో 1997లో ఎగువ ఊళ్ళతో ఒప్పందం చేసుకుని అక్కడి పొలాల్లో పేడ నిల్వకీ, వాగు గట్లకీ, పశువులు నీళ్ళలోకి దిగకుండా కంచెలకీ సిటీయే ఖర్చు పెట్టే పద్ధతిని నిలబెట్టుకున్నారు. ఎగువ రైతులకి అక్కడ బేరమాడే బలం వచ్చింది కొనేవాడికి వేరే దారి ఖరీదైనది కాబట్టి. మీ విషయంలోనూ అవతలివాడికి ప్రత్యామ్నాయం ఏంటో కనుక్కోండి, అది తెలిస్తే మాట్లాడే తీరే మారిపోతుంది.

డబ్బొక్కటే అడగాలని కూడా లేదు. ఫ్రాన్స్‌లో విట్టెల్ అనే మినరల్ వాటర్ కంపెనీకి ఊట నీళ్ళలో ఎరువుల నుంచి దిగే నైట్రేట్ పెరుగుతోందని భయం పట్టుకుంది, పైన ఉన్న పాడి రైతులు మొక్కజొన్న వేసి ఎరువులు ఎక్కువ వాడుతున్నారు. కంపెనీ 1990ల్లో ఆ రైతులతో 18 నుంచి 30 ఏళ్ళ దాకా ఒప్పందాలు చేసుకుంది, మొక్కజొన్న మానెయ్యాలి, రసాయన ఎరువులు ఆపాలి, పేడని కంపోస్టు చెయ్యాలి. బదులుగా మార్పు జరిగే మొదటి ఏళ్ళలో హెక్టారుకి ఇంత అని నగదు, కొత్త కొట్టాల ఖర్చు, ఉచితంగా సలహా, కంపెనీ కొన్న భూమిని ఉచితంగా వాడుకునే వీలు, భూమి కొనడానికి చేసిన అప్పుల నుంచి విముక్తి కూడా ఇచ్చింది. ఇది కుదరడానికి చాలా ఏళ్ళ చర్చలు పట్టాయి, రైతులకి అసలు ఇబ్బంది ఎక్కడుందో పరిశోధకులు దగ్గరుండి చూశాకే కుదిరింది. మీకు అప్పు భారమైతే అప్పు గురించి అడగండి, పనివాళ్ళు దొరక్కపోతే పని చేసిపెట్టమనండి.

చెల్లింపు పనికా ఫలితానికా అన్నది స్పష్టంగా రాయించుకోవాలి. పనికైతే మొక్కలు నాటాను, దున్నకం ఆపాను అని చూపిస్తే డబ్బొస్తుంది, ఫలితానికైతే నేలలో కార్బన్ ఇంత పెరిగిందని, పక్షులు ఇన్ని వచ్చాయని తేలాలి. ఫలితానికి రేటు ఎక్కువ చూపిస్తారు కానీ కరువొస్తే ఆ నష్టం మీ నెత్తినే పడుతుంది. నేనైతే సింహభాగం పనికి, కొంత ఫలితానికి బోనస్ లాగా ఉండాలంటాను. కార్బన్ అయితే కొలత ఖర్చు ఎవరిది, అమ్మిన ధరలో మీ వాటా ఎంత, ఏ ధర మీద లెక్క అనేవి మూడూ రాతలో ఉండాలి.

మిగతావాళ్ళ హక్కులు కూడా చూస్కోండి. పొలం కౌలుకి ఇచ్చి ఉంటే పని చేసేది కౌలుదారు, డబ్బు తీసుకునేది మీరు అయితే ఆ పని జరగదు, జరిగినా అది అన్యాయం, వాటా ముందే రాసుకోండి. వదిలేసే నేల మీద కౌలుదారు బతుకు ఉంటే అతని నష్టం కూడా పరిహారంలో రావాలి. బ్యాంకులో తాకట్టు ఉంటే బ్యాంకు ఒప్పుకోవాలి, ఆస్ట్రేలియాలో కార్బన్ ప్రాజెక్టుకి భూమి మీద హక్కున్న బ్యాంకు లాంటి వాళ్ళ సమ్మతి లేకపోతే అనుమతి నిలబడదు. ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరి సంతకాలు కావాలి, హద్దు తగాదా ఉంటే అది తెగేదాకా ఏ అగ్రిమెంటూ వద్దు.

మధ్యలో ఆగిపోతే ఏంటి? వరదో మంటో వచ్చి చెట్లు పోతే మీరు డబ్బు తిరిగి కట్టాలా, కంపెనీ చేతులు మారితే షరతులు మారతాయా, డబ్బు ఆలస్యమైతే మీరు మళ్ళీ దున్నుకోవచ్చా, ఇవి ఒక్కొక్కటీ వాక్యంగా ఉండాలి. ప్రభుత్వ పథకమైనా సరే, ఇంగ్లండ్‌లో ప్రకృతికి మేలు చేసే సాగుకి రైతులకి డబ్బిచ్చే సస్టైనబుల్ ఫార్మింగ్ ఇన్సెంటివ్ అనే పథకానికి 2025 మార్చి 11న ఉన్నట్టుండి కొత్త దరఖాస్తులు ఆపేశారు, అప్పటికే సంతకాలైనవాళ్ళ ఒప్పందాలు కొనసాగాయి, రేపు చేద్దాంలే అని దానికోసం ప్లాన్లు వేసుకుని ఖర్చు పెట్టినవాళ్ళు ఇబ్బంది పడ్డారు. అందుకని సంతకం అయ్యేదాకా పంట ప్లాన్ మార్చొద్దు, మొక్కలు కొనొద్దు. ధరలు పెరిగేకొద్దీ చెల్లింపు కూడా పెరిగేలా ఒక లైను పెట్టించండి, పదిహేనేళ్ళ తర్వాత అదే అంకె చేతిలో పెడితే దానికి విలువేం ఉండదు.

సంతకానికి ముందు వారం పొలం నాలుగు మూలల నుంచీ, వాగు పొడవునా తేదీ పడేలా ఫొటోలు తీయండి, మట్టి పరీక్ష చేయించండి, ఉన్న చెట్లు లెక్కపెట్టి రాసి అవతలివాళ్ళ చేత కూడా సంతకం పెట్టించుకోండి. రేపు మొదట్లో ఎలా ఉందనే గొడవ వస్తే కోర్టులో చూసేది ఆ కాగితమే. ఆ డబ్బు మీద ఆదాయపు పన్ను ఎలా పడుతుంది, పంట మానేసిన నేల వ్యవసాయ భూమి లెక్కలోంచి పోయి భూమి పన్ను పెరుగుతుందా అనేది కూడా ఆడిటర్‌ని అడిగి, మీ భూముల సంగతి తెలిసిన సొంత లాయర్‌కి మొత్తం అగ్రిమెంట్ చదివించండి, కంపెనీ పంపిన లాయర్ కంపెనీ మనిషే.