కొత్త .22 రైఫిల్‌ను ఉడుతల వేటకు సిద్ధం చేసుకోవడం ఎలా?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉడుతల వేట సెప్టెంబర్ 1న మొదలవుతుంది. చాలామంది ఆగస్టు చివరి వారంలో కొత్త .22 (గుండు వ్యాసం దాదాపు 0.22 అంగుళాలుండే) రైఫిల్ కొని, డబ్బా విప్పి, పది తూటాలు కాల్చి, మర్నాడే అడవికి బయల్దేరతారు. అలాంటి రోజున దెబ్బ తగిలీ తగలని ఉడుత ఈడ్చుకుంటూ పోయి చెట్టు తొర్రలో దూరిపోతుంది. ఇక దాన్ని బయటికి తియ్యలేం, బాధ తప్పించలేం. నేనొకసారి ఆ చెట్టు కింద అరగంట నిలబడ్డాను. ఆ పూట అన్నం సయించలేదు. అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: కొత్త రైఫిల్ చేతికొచ్చాక మొదటి వారం కాల్చేదంతా కాగితం మీదే.

ఈ వేసవిలో నేను కొన్నది సీజెడ్ 457 అమెరికన్. చెక్ దేశంలోని ఉహెర్‌స్కీ బ్రోద్‌కు చెందిన కంపెనీది, 2019లో వచ్చిన మోడల్. ఇక్కడ చెప్పే మొదటి అభిప్రాయాలు దాని గురించే అయినా, చేసే పనుల వరస ఏ .22కైనా ఒకటే.

ముందు కాగితాలు

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. హెచ్1బీ, విద్యార్థి వీసా లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి, అందులో చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఒకటి. స్నేహితుడి తుపాకీ కాసేపు పట్టుకోవడం కూడా దీని కిందికే వస్తుంది కాబట్టి సందేహం ఉంటే లాయరును అడిగాకే ముట్టుకోండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. కొనేటప్పుడు దుకాణంలో 4473 అనే ఫెడరల్ ఫారం నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవుతుంది. ఒహాయోలో మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి సీజన్, నిబంధనలు చూసుకోండి.

ఇండియాలో ఉన్న పాఠకులకు ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం. తాతల కాలం నాటి కుందేళ్ల వేట కథలు వినడానికి బాగుంటాయి గానీ, సెలవులకు ఊరికెళ్లినప్పుడు పొలం గట్టు మీద కుందేలు కనబడితే చూసి సంతోషించాలి, అంతే.

ఉడుత అనగానే రాముడు వీపు నిమిరిన చారల ఉడుత కళ్ల ముందు మెదులుతుంది. ఇక్కడి అడవుల్లో వేటాడేది ఆ జాతి కాదు. బూడిద రంగు ఉడుత, ఇంకా పెద్దదైన ఫాక్స్ స్క్విరల్, రెండింటికీ వీపు మీద చారలుండవు. అయినా ఫోన్లో మా అమ్మకు చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తినడానికేనా నాయనా?" అంది. "తినడానికేనమ్మా" అన్నాను. తినని జంతువు మీద నేను గురిపెట్టను.

డబ్బా విప్పిన రోజు

మొట్టమొదట బోల్ట్ (గొట్టం వెనక వైపును మూసి తెరిచే కడ్డీ) వెనక్కి లాగి చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే చోటికి, చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. దుకాణంలో చూశారు, ఇంట్లో మళ్లీ చూడాలి. గొట్టం ఎప్పుడూ మనిషి లేని వైపే ఉండాలి. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. తుపాకీ ఖాళీ అని తెలిసినా ఈ అలవాటు మారకూడదు.

తర్వాత గొట్టంలో ఉన్న ఫ్యాక్టరీ నూనెను పొడిబట్టతో తుడిచెయ్యండి. మాన్యువల్ చదవండి. చాలా పాత .22లను ఖాళీగా టిక్కుమనిపిస్తే ఫైరింగ్ పిన్ (తూటా అడుగును కొట్టే చీల) చాంబర్ అంచుకు తగిలి పాడవుతుంది. మీ మోడల్ సంగతేమిటో మాన్యువల్లో చూసుకోండి.

457లో నాకు వెంటనే నచ్చింది బోల్ట్. 60 డిగ్రీలు ఎత్తితే చాలు, తెరుచుకుంటుంది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) కింద వేళ్లు ఇరుక్కోవు. సేఫ్టీ ముందుకు తోస్తే కాల్చడానికి సిద్ధమవుతుంది. దీనికి ముందొచ్చిన 455లో అది అటుదిటు ఉండేది, కాబట్టి పాతది వాడినవాళ్లు ఖాళీ రైఫిల్‌తో వేలికి కొత్త దారి నేర్పించాలి. మ్యాగజైన్‌లో ఐదు తూటాలు పడతాయి, వేటకు అంతకన్నా అక్కర్లేదు. బరువు మూడు కిలోల లోపే గానీ గొట్టం పొడవు దాదాపు 25 అంగుళాలు, పొదల్లో నడిచేటప్పుడు కొమ్మలకు తగులుతుంది. పొట్టి గొట్టం మోడళ్లు కూడా ఉన్నాయి, దట్టమైన చోట తిరిగేవాళ్లు అవి చూడండి.

స్టాక్ (భుజానికి ఆనించే భాగం) మీ ఒంటికి కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి: వేటకు వేసుకునే కోటు వేసుకుని, ఖాళీ రైఫిల్‌ను కళ్లు మూసుకుని భుజానికి ఆనించండి. చెంప ఆనాక కళ్లు తెరవండి. స్కోప్‌లో బొమ్మ నిండుగా కనబడితే కుదిరినట్టు. మెడ సాగదీయాల్సి వస్తే స్కోప్ ఎత్తు గానీ చెంప ఆనే చోటు గానీ సరిచేయాలి. ట్రిగ్గర్ సర్దుకునే స్క్రూలు ఈ మోడల్లో ఉన్నాయి. రెండొందల తూటాలు కాల్చేదాకా మాత్రం వాటి జోలికి వెళ్లకండి. మీ వేలు ఇంకా ఆ ట్రిగ్గర్‌కు అలవాటు పడనే లేదు.

స్కోప్ బిగించడం

జింకల వేట రైఫిళ్లకు పెట్టే స్కోపులను మామూలుగా 100 గజాల దగ్గర పారలాక్స్ (కన్ను కాస్త పక్కకు జరిగితే గురి గీత లక్ష్యం మీద జరిగినట్టు కనబడడం) లేకుండా సర్దుతారు. .22 కోసం చేసిన రిమ్‌ఫైర్ స్కోపులు 50 గజాలకు ఉంటాయి. ఉడుత కనబడేది 20 నుంచి 50 గజాల మధ్య కాబట్టి రిమ్‌ఫైర్ స్కోపే తీసుకోండి. నాలుగు రెట్లు పెద్దదిగా చూపించేది చాలు. పన్నెండు రెట్లు చూపించేదాంట్లో ఆకుల మధ్య ఉడుతను వెతుక్కునేసరికి అది పక్క చెట్టు మీద ఉంటుంది.

నా మొదటి రోజు రేంజిలో గుళ్లు ఎటు పడితే అటు పోయాయి. ఒకటి ఎడమకు, ఒకటి కిందకు. యాభై తూటాలు తగలేసి, రైఫిల్‌దే తప్పనుకుని దిగాలుగా ఇంటికొచ్చాను. స్కోప్ పట్టుకుని మెల్లగా తిప్పితే వెంట్రుకవాసి కదిలింది. స్కోప్‌ను పట్టి ఉంచడానికి చౌకలో కొన్న రింగుల స్క్రూ ఒకటి మర అరిగిపోయి పట్టు లేకుండా ఉంది. కొత్త రింగులు వేసి, టార్క్ డ్రైవర్ (ఎంత బిగించామో కొలిచే స్క్రూడ్రైవర్)తో అవి తయారుచేసినవాళ్లు చెప్పినంతే బిగించాక ఆ గొడవ మళ్లీ రాలేదు. గుళ్లు చెదిరితే ముందు స్క్రూలు చూడండి. రైఫిల్‌ను తిట్టడం ఆ తర్వాత.

తూటాలు: ఏది నచ్చుతుందో గొట్టాన్నే అడగాలి

.22 లాంగ్ రైఫిల్ 1887 నాటిది. ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో వాడేది కూడా ఇదే. దీని అడుగు అంచులోపల పేలుడు మందు పూసి ఉంటుంది, ఫైరింగ్ పిన్ ఆ అంచును నొక్కితే అంటుకుంటుంది. రిమ్‌ఫైర్ అనే పేరు దాన్నుంచే వచ్చింది. కాల్చేసిన తొడుగు అంచు మీద చిన్న నొక్కు కనబడుతుంది, ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కన తయారైన రెండు రైఫిళ్లకు కూడా ఒకే తూటా నచ్చాలని లేదు. కాబట్టి నాలుగైదు రకాలు, రకానికొక డబ్బా కొనండి. ధ్వని కన్నా నెమ్మదిగా వెళ్లే 40 గ్రెయిన్ల (గుండు బరువు, దాదాపు 2.6 గ్రాములు) రకం ఒకటి, వేగంగా వెళ్లేది ఒకటి తప్పనిసరిగా ఉండాలి. వేటకు హాలో పాయింట్ (ముక్కున గుంట ఉండే గుండు) మంచిది, జంతువు త్వరగా పడిపోతుంది.

రేంజిలో

కొలంబస్‌కు ఉత్తరాన డెలావేర్ వైల్డ్‌లైఫ్ ఏరియాలో రేంజి ఉంది, పర్మిట్ తీసుకుని వెళ్లాలి. .22 మోత చిన్నదని చెవులకు రక్షణ లేకుండా కూర్చోకండి. కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి.

మొదటి కాగితం 25 గజాల్లో పెట్టండి. ఇసుక సంచి మీద రైఫిల్ ఆనించి మూడు కాల్చండి, ఆ మూడింటి మధ్య బిందువు చూసి స్కోప్ తిప్పండి. పావు ఎంఓఏ (100 గజాల్లో దాదాపు ఒక అంగుళానికి సమానమైన కోణం) క్లిక్కులున్న స్కోప్ అయితే 25 గజాల్లో ఒక అంగుళం జరగడానికి 16 క్లిక్కులు, 50 గజాల్లో 8. గుళ్లు మధ్యకు వచ్చాక కాగితాన్ని 50 గజాలకు జరపండి.

ఇప్పుడు తూటాల పరీక్ష. రకం మార్చిన ప్రతిసారీ మొదటి ఐదారు గుళ్లు లెక్కలోకి తీసుకోకండి. పాత తూటా మీది మైనం గొట్టంలో ఉంటుంది, అది పోయి కొత్తది పట్టేదాకా గురి కుదరదు. ఆ తర్వాత ఐదేసి గుళ్ల చొప్పున మూడు గ్రూపులు కాల్చి, కాగితం మీదే తూటా పేరు రాసుకోండి. నా 457కు వేగం తక్కువ రకం బాగా పట్టింది, ఐదు గుళ్లూ బొటనవేలి గోరు కింద దాక్కున్నాయి. డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేగం గురించి రాసుకున్న రకం మాత్రం రూపాయి బిళ్లకు రెండింతల మేర చెదిరింది.

టిక్కుమని, పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకండి. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. మోత మామూలు కన్నా మెత్తగా వినిపిస్తే కాల్చడం ఆపి, ఖాళీ చేసి, గొట్టంలో గుండు ఇరుక్కుందేమో చూశాకే ముందుకు వెళ్లాలి.

50 గజాలకు జీరో చేసుకున్న, అంటే ఆ దూరంలో గురి చూసిన చోటే తగిలేలా సర్దుకున్న, వేగవంతమైన 40 గ్రెయిన్ల తూటా 25 గజాల్లో దాదాపు గురి చూసిన చోటే తగులుతుంది. 10 గజాల్లో ముప్పావు అంగుళం కిందికి పడుతుంది, ఎందుకంటే స్కోప్ గొట్టానికి పైన ఉంటుంది. 75 గజాల్లో రెండంగుళాలు, 100లో ఆరు అంగుళాల దాకా దిగిపోతుంది. నెమ్మది రకం ఇంకా దిగుతుంది. ఈ లెక్కలను నమ్మి ఊరుకోకుండా, ప్రతి దూరంలోనూ మీ తూటా ఎక్కడ తగిలిందో కొలిచి స్టాక్ మీద టేపు అంటించి రాసుకోండి.

బల్ల వదిలి నేల మీదికి

ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే, అన్నింటికన్నా ముఖ్యమైనదీ ఇదే. అడవిలో బల్ల ఉండదు, ఇసుక సంచి ఉండదు. చెట్టుకు వీపు ఆనించి, మోకాళ్లు ముడుచుకుని, వాటి మీద మోచేతులు పెట్టుకుని కాల్చాలి.

ఉడుత తల ఒక అంగుళం పైచిలుకు ఉంటుంది. అంత వృత్తాలు పది గీసి, రేంజి వాళ్లు ఒప్పుకుంటే నేల మీద కూర్చుని ఒక్కోదానికి ఒక్కో గుండు కాల్చండి. పదింట తొమ్మిది లోపల పడే దూరం ఏదో అదే మీ వేట దూరం. బల్ల మీద నుంచి నాకు 60 గజాలు తేలికగా వచ్చింది, కూర్చుంటే 35 గజాలే. ఆ సంఖ్య చూసి మనసు చివుక్కుమంది. అయినా టేపు మీద 35 అనే రాశాను, 36లో ఉన్న ఉడుతను వదిలేస్తాను.

అడవిలో మొదటి ఉదయం

ఒహాయో ఆగ్నేయాన వేన్ నేషనల్ ఫారెస్టులో సెప్టెంబర్ మొదటి వారానికి హికరీ కాయలు పక్వానికి వస్తాయి. తెల్లవారకముందే వెళ్లి, బెరడు పట్టీలు పట్టీలుగా ఊడే షాగ్‌బార్క్ హికరీకి పాతిక గజాల దూరంలో కూర్చోండి. ముందు ఉడుత కనబడదు, వినబడుతుంది. అది కొరికి పడేసే తొక్కలు ఆకుల మీద చిటపటమని, చినుకు మొదలైనట్టు రాలుతుంటాయి. తల పైకెత్తకుండా ఆ చప్పుడు ఎక్కడ పడుతోందో చూడండి.

కనబడ్డాక ఉడుతను కాదు, దాని వెనకేముందో చూడాలి. .22 చిన్నదే గానీ ఆకాశంలోకి వదిలితే మైలున్నర దూరం పోగలదు. ఆకుల సందులోంచి నీలం కనబడుతోందంటే ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. గుండును ఆపేంత లావు మాను గానీ కొండవాలు గానీ వెనక ఉండాలి. రాయి మీద, నీటి మీద ఈ గుండు ఎగిరి పక్కకు పోతుంది, వాగు దగ్గర మరీ జాగ్రత్త. సీజన్ ఏదైనా నారింజ రంగు టోపీ పెట్టుకోండి, ఆ చెట్టు వెనక ఇంకో వేటగాడు ఉండొచ్చు. రోజుకు ఆరు ఉడుతల వరకు అనుమతి ఉంది. ఒకటి దొరికినా ఇద్దరికి పులుసు అవుతుంది.

నా మొదటి ఉదయం మూడు కనబడ్డాయి. రెండింటి వెనక ఆకాశమే. మూడోది మాను మీదుగా తలకిందులుగా దిగుతూ 28 గజాల దగ్గర ఆగి, తోక ఊపింది. వెనక ఓక్ మాను. దాన్ని ఇంటికి తెచ్చి, నాటుకోడిలాగే అల్లం వెల్లుల్లి దట్టించి కుక్కర్లో ఐదు విజిళ్లు ఉడికించాను.

ఇంటికి రాగానే తినే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం వేళ్లకు అంటుకుని ఉంటుంది. రైఫిల్ బయటి లోహానికి నూనె గుడ్డ రాయండి, చేతి చెమటకే తుప్పు పడుతుంది. గొట్టం లోపల ప్రతిసారీ తోమక్కర్లేదు, తోమితే మళ్లీ పది గుళ్ల దాకా గురి కుదరదు. బోల్ట్ తీసి, రైఫిల్‌కు తాళం వేసి, తూటాలు వేరే చోట, వేరే తాళంలో పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే రెండు తాళంచెవులూ మీ జేబులోనే ఉండాలి.