నీటితోట – 4వ పాఠం: ఆకు పోయినా మొదలు పీకొద్దు

ఈసారి కత్తిరింపు గురించి చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చూసి అక్వేరియంలో మొక్కలు నాటినవాళ్ళలో చాలామందిది ఒకటే మాట: "పది రోజులకే ఆకులన్నీ కుళ్ళిపోయాయండీ, పీకి పారేశాం." ఆకులు కుళ్ళడం మామూలే. పీకేశారే, అదే నాకు ప్రాణం ఉసూరుమనిపించింది.

షాపులో దొరికే మొక్కల్లో ఎక్కువ భాగం నర్సరీలో నీళ్ళ పైన, తేమగాలిలో పెంచినవి. అలా అయితే త్వరగా ఎదుగుతాయి, ఆకుకి నాచు పట్టదు. గాలిలో పుట్టిన ఆకు మందంగా ఉంటుంది, పైన మైనపు పూత ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ని గాలిలోంచే తీసుకుంటుంది. దాన్ని నీళ్ళలో ముంచేస్తే ఇక ఎక్కువ రోజులు పనిచేయదు. మొక్క ఆ ఆకుని వదిలేసి, నీళ్ళకి సరిపడే పలచటి ఆకు కొత్తగా వేస్తుంది. ఆ మధ్య వారాలే టెన్షన్.

క్రిప్టోకొరైన్ (పొట్టిగా క్రిప్ట్) అనే మొక్కలో ఇది మరీ ఎక్కువ. ముందు ఆకు అంచున రంగు పోయి, అవతలిది కనపడేంత పలచటి మచ్చ వస్తుంది. తర్వాత అక్కడ చిల్లు పడుతుంది. ఆ తర్వాత కాడ మెత్తబడి, వేలు తగిలితే చాలు ఆకు ఊడి చేతికొస్తుంది. అలాంటి ఆకుల్ని కాడ మొదట్లో కత్తిరించి బయటికి తీసేయండి. లోపలే కుళ్ళనిస్తే అమ్మోనియా పెరుగుతుంది, వెనకే నాచు వస్తుంది. ఇప్పుడు మొక్క మొదలుని రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే, కదిలించకండి. నలిగిపోయి కంపు కొడితేనే తీయండి.

క్రిప్ట్‌కి నీళ్ళు ఒక్కసారిగా మారినా పడదు. మన గోదావరి డెల్టాలో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. వేసవిలో కాలువలు కట్టేశాక కొన్ని ఇళ్ళలో కాలువ నీళ్ళ బదులు బోరు నీళ్ళు వాడతారు. సముద్రం వైపు ఊళ్ళలో బోరు ఉప్పగా కూడా ఉండొచ్చు. వారానికోసారి మూడో వంతు నీళ్ళు మార్చేవాళ్ళు ఆ మార్పు జరిగే రోజుల్లో పదో వంతు చొప్పున, విడతలుగా మార్చండి. నీళ్ళ సంగతి తెలుసుకోడానికి ఖరీదైన కిట్లు కొనక్కర్లేదు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులు వెళ్ళే ఆక్వా ల్యాబ్‌కే మీరూ సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళండి. పీహెచ్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, సాలినిటీ (ఉప్పదనం), అమ్మోనియా చూసి చెబుతారు. ఉప్పు నీళ్ళని తేలితే మాత్రం వాటిని వాడొద్దు.

ఇక అనూబియస్. మీరు పంపిన ఫొటోల్లో ఇది నిజంగానే చచ్చిపోయింది, దానికి కారణం మాత్రం నీళ్ళు కాదు. దాని కాండం పసుపు కొమ్ములా అడ్డంగా, లావుగా ఉంటుంది. పసుపు నాటిన చెయ్యి కదా, మట్టి వైపే పోతుంది. అక్కడే ఆగండి. అనూబియస్ ఆఫ్రికాలో వాగుల ఒడ్డున రాళ్ళనీ, పడిన చెట్లనీ పట్టుకుని బతికే మొక్క. కొమ్ముని మట్టిలో పూడిస్తే గాలాడక కుళ్ళుతుంది. పైన ఆకులు కొన్ని వారాలు పచ్చగానే ఉండి మనల్ని మోసం చేస్తాయి, తర్వాత ఒక్కొక్కటే కాడ దగ్గర విడిపోతాయి. సగం పూడ్చినా అంతే. పైన ఇసుక పలచగా కప్పినా అంతే. వేళ్ళు మట్టిలోకి దిగొచ్చు, కొమ్ము మాత్రం నీళ్ళు తగిలేలా పైనే ఉండాలి. ఇలాంటి కొమ్మే ఉన్న జావా ఫెర్న్‌కీ ఇదే మాట, బుసెఫలాండ్రాకీ ఇదే మాట, బోల్బిటిస్‌కీ ఇదే మాట. రాయికో చెక్కకో కట్టేయండి. జిగురు వాడేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం నల్ల కుట్టుదారమే ఇష్టం, జిగురు చోట తెల్ల మచ్చ మిగులుతుంది. దారం కొమ్ము మీద రెండు చుట్లు చాలు, కోసుకుపోయేంత బిగించొద్దు. వేళ్ళు పట్టుకున్నాక దారం తీసేయొచ్చు.

క్రిప్ట్, రిబ్బన్ లాంటి ఆకులుండే వాలిస్నేరియా దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటి వేళ్ళు మట్టిలో ఉండాలి, ఆకులు పుట్టే చోటు పైకి కనపడాలి.

లైటు రోజుకి ఆరు గంటలు, టైమర్ పెట్టి. అంతకు మించి ఈ నెలలో వద్దు.

పీకేసిన మొక్కల్ని కాలువలో పారేయకండి. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసమే ఇక్కడికి చేరిన మొక్క. ఇవాళ పంట కాలువల్లో దాన్ని తీయడానికి ఎంత కష్టపడుతున్నారో మీరు చూస్తూనే ఉన్నారు. ఎండబెట్టి చెత్తలో వేయండి.

అభ్యాసం: రొటాలా రొటండిఫోలియా అనే నీటిమొక్క కొమ్మలు రెండు తీసుకోండి. ఒకటి తడిమట్టి పోసిన గ్లాసులో, పైన పాలిథిన్ కవర్ కప్పి, నీడలో పెట్టండి. రెండోది ట్యాంక్‌లో పూర్తిగా ముంచి నాటండి. నాలుగు ఆదివారాలు రెండింటి పైచివరి ఆకుల్ని పెన్సిల్‌తో అసలు కొలతకి గీయండి, పక్కన తేదీ రాయండి. ఫొటోలు వద్దు, గీస్తేనే అంచు, ఈనె కళ్ళకు పడతాయి. బయటిది గుండ్రంగా ఉండిపోతుంది, లోపలిది సన్నగా సాగుతుంది. ఆ ఎనిమిది బొమ్మలు దగ్గర పెట్టుకునే కత్తిరింపు పాఠానికి రండి, కత్తెర ఎక్కడ పెట్టాలో వాటి మీదే చూపిస్తాను.