పార్కిన్సన్స్: కుర్చీలోంచి లేవడం, గడప దాటడం మళ్లీ నేర్చుకునే పద్ధతి

మెదడులో కదలికలకు తోడ్పడే డోపమైన్ అనే రసాయనం తగ్గడంతో పార్కిన్సన్స్ జబ్బులో అలవాటుగా జరిగిపోయే కదలికలే ఎక్కువగా దెబ్బతింటాయి. అదే పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ మనసుపెట్టి చేస్తే చాలాసార్లు జరుగుతుంది. కూర్చోవడం, లేవడం, నడవడం వంటి కదలికల్లో అలవాట్లను మార్చుకునే శిక్షణ అయిన అలెగ్జాండర్ టెక్నిక్ నేర్పేది ముఖ్యంగా ఇదే: కదిలే ముందు ఆగడం. 93 మందితో చేసి 2002లో ప్రచురించిన బ్రిటన్ పరిశోధనలో, 24 పాఠాలు నేర్చుకున్నవారికి రోజువారీ పనులు తేలికయ్యాయి, ఆరు నెలల తర్వాతా ఆ మేలు నిలిచింది. ఆ పాఠాలు మందులతో పాటే, మందులకు బదులు కాదు. మీరూ మందులు మానొద్దు. మాత్ర బాగా పనిచేస్తున్న వేళే సాధన చేయండి.

ముందుగా లేవడం. చేతులున్న గట్టి కుర్చీ కావాలి, సోఫా వద్దు. చాలామంది తల వెనక్కి విరిచి, చేతులతో ఒక్కసారిగా నెట్టుకుంటారు. బరువు వెనకే ఉండిపోయి, సగం లేచి కూలబడతారు. కాబట్టి ముందు ఆగి, ఊపిరి వదలండి. కుర్చీ అంచుకు జరగండి. పాదాలు జానెడు ఎడంగా, మోకాళ్ల కంటే కాస్త వెనక్కి పెట్టండి. వీపు గూనిగా వంచకుండా తుంటి దగ్గర నుంచి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగండి. బరువు పాదాల్లోకి దిగిందని తెలిశాకే పైకి లేవండి. లేచాక కాసేపు కుర్చీ పట్టుకునే నిలబడాలి, ఈ జబ్బులో నిలబడగానే బీపీ పడిపోవచ్చు. ఇంట్లోవాళ్లు దయచేసి చేతులు పట్టి లాగొద్దు. లాగితే మనిషి వెనక్కి బిగుస్తారు, భుజమూ దెబ్బతింటుంది.

గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతే, బలవంతంగా అడుగు తీయబోతే పైభాగం ముందుకెళ్లి పడిపోతారు. పూర్తిగా ఆగండి. బరువును కుడికీ ఎడమకీ రెండు మూడు సార్లు మార్చి, తేలికైన కాలితో పెద్ద అడుగు వేయండి. తరచూ ఆగిపోయే చోట నేల రంగుకు భిన్నమైన టేపు అడ్డంగా, అడుగుకొకటి చొప్పున అంటిస్తే కంటికి గురి దొరుకుతుంది.

తిరిగేటప్పుడు ఒంటికాలి మీద గిర్రున తిరగొద్దు, చోటుంటే చుట్టూ నడిచి రండి. ఆ సమయంలో మాటలు, చేతిలో గ్లాసు రెండూ వద్దు.

పడిపోవడం మొదలైతే ఒంటరి సాధన ఆపి, న్యూరాలజిస్టుకు, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఏ వేళ, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి పడ్డారో రాసి తీసుకెళ్లండి.