డేటాబేస్ బెంచ్‌మార్క్‌కు మెషీన్ ఎంచుకోవాలంటే ముందు డిస్క్ చూడండి

డేటాబేస్ ఎంత వేగంగా పనిచేస్తుందో కొలిచే బెంచ్‌మార్క్ కోసం మెషీన్ కావాలని ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది డిస్క్ గురించే. కోర్లెన్ని, ర్యామ్ ఎంత అన్నవి స్పెసిఫికేషన్ చూస్తే తెలిసిపోతాయి. డిస్క్ సంగతి మాత్రం స్వయంగా పరీక్షిస్తే గానీ బయటపడదు.

ఒక ట్రాన్సాక్షన్ కమిట్ అయిందని, అంటే ఆ మార్పు శాశ్వతంగా నమోదైందని, డేటాబేస్ చెప్పాలంటే దాని లాగ్ కరెంటు పోయినా చెరగని చోటికి చేరాలి. అందుకే అది ఎఫ్‌సింక్ (డేటాను నిజంగా డిస్క్‌పై రాయమనే ఆదేశం) చేసి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. ఒకే కనెక్షన్ నుంచి ఒకదాని వెంట ఒకటిగా కమిట్ చేస్తే సెకనుకు కమిట్ల అంకె ఆ దరిదాపుల్లోనే ఉండాలి. బ్యాటరీ ఉన్న రెయిడ్ కంట్రోలర్ (రాయాల్సినదాన్ని తన మెమరీలో భద్రంగా ఉంచుకునే డిస్క్ కార్డు) లేకుండానే వేలల్లో వస్తోందంటే, రాయకముందే రాసేశానని డిస్క్ చెబుతోందని అర్థం. ఆ అంకెను ఎవరికీ చూపించకండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో పాటే వచ్చే పీజీ టెస్ట్ ఎఫ్‌సింక్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఇది నిమిషాల్లో తేలుతుంది.

ఎస్‌ఎస్‌డీ అయితే పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉన్నదే తీసుకోండి. కరెంటు పోయినా కెపాసిటర్ల బలంతో క్యాష్‌లో ఉన్నది రాసేస్తుంది కాబట్టి, అలాంటి డ్రైవ్ ఎఫ్‌సింక్‌కు నిజాయితీగానే త్వరగా జవాబివ్వగలదు. డెస్క్‌టాప్ డ్రైవ్‌లలో ఇంకో చిక్కుంది. చాలావాటిలో ముందు వేగంగా రాసే చిన్న భాగమైన ఎస్‌ఎల్‌సీ క్యాష్ నిండుతుంది, అంతవరకు పరుగే పరుగు, నిండాక వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఐదు నిమిషాల టెస్ట్‌లో అది కనిపించకపోవచ్చు. ఎఫ్‌ఐఓ అనే డిస్క్ పరీక్ష ప్రోగ్రామ్‌తో వేగం ఒక చోట నిలకడగా నిలిచేదాకా రాయించి, ఆ తర్వాతే కొలవడం మొదలుపెట్టండి.

ర్యామ్ ఎక్కువుంటే మంచిదనుకోవడం సహజమే, కానీ బెంచ్‌మార్క్‌లో అదే మోసం చేస్తుంది. పోస్ట్‌గ్రెస్ బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్ పీజీబెంచ్‌లో స్కేల్ (డేటా పరిమాణం) 1 అంటే ఖాతాల టేబుల్‌లో 1,00,000 వరుసలు, సుమారు 15 ఎంబీ. స్కేల్ 1000 పెట్టినా దాదాపు 15 జీబీయే. 64 జీబీ మెషీన్‌లో అదంతా మెమరీలోనే కూర్చుంటుంది, చదవడానికి డిస్క్ దాకా వెళ్లే పనే ఉండదు. ప్రొడక్షన్‌లో, అంటే అసలు వాడకంలో, డేటా ర్యామ్‌కు నాలుగు రెట్లు ఉంటే, ఇక్కడా నాలుగు రెట్లే ఉండాలి.

ప్రాసెసర్ విషయంలో వేగం కన్నా నిలకడ ముఖ్యం. ల్యాప్‌టాప్ వద్దు, వేడెక్కితే క్లాక్ తగ్గించేసుకుంటుంది. ప్రాసెసర్ వేగాన్ని నియంత్రించే ఫ్రీక్వెన్సీ గవర్నర్‌ను పర్ఫార్మెన్స్‌లో పెట్టండి. రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్లున్న) సర్వర్ అయితే నూమా వల్ల, అంటే ప్రాసెసర్‌కు తన దగ్గరి మెమరీ త్వరగా, అవతలిది ఆలస్యంగా అందడం వల్ల కూడా అంకెలు మారతాయి. ప్రొడక్షన్ ఒకే సాకెట్ అయితే ఇక్కడా ఒకటే చాలు.

క్లౌడ్‌లో చేసేవాళ్లు పరిమితులు చదివి తీరాలి. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో టీ రకం ఇన్‌స్టెన్స్‌లు (అద్దె మెషీన్లు) వాడేకొద్దీ ఖర్చయ్యే సీపీయూ క్రెడిట్ల మీద నడుస్తాయి, కాబట్టి ఉదయం వచ్చిన ఫలితం సాయంత్రం రాకపోవచ్చు. అక్కడి జీపీ3 వాల్యూమ్ (డిస్క్) మామూలుగా 3000 ఐఓపీఎస్ (సెకనుకు చేయగల చదవడం, రాయడం పనుల సంఖ్య), సెకనుకు 125 ఎంబీతో వస్తుంది. పెంచుకోకపోతే మీరు కొలిచేది ఆ పరిమితినే, డేటాబేస్‌ను కాదు.

లోడ్ పంపే క్లయింట్‌కు వేరే మెషీన్ ఇవ్వండి. రెండూ ఒకే చోట ఉంటే సీపీయూ కోసం పోటీ పడతాయి. వాటి మధ్య 1 జీబీపీఎస్ నెట్‌వర్క్ ఉంటే సెకనుకు 125 ఎంబీ దాటదు, పెద్ద ఫలితాలు తిరిగిచ్చే క్వెరీలకు అది చాలదు. టెస్ట్ నడుస్తున్నంతసేపూ క్లయింట్ సీపీయూను కూడా చూస్తూ ఉండండి. అది నూరు శాతానికి చేరితే ఆ రన్ పక్కన పెట్టి, ఇంకో క్లయింట్ మెషీన్ జోడించి మళ్లీ నడపండి.